బొమ్మ లేని సాక్ష్యం

ఇంటర్మీడియట్‌లో యంగ్ రెండు చీలికల ప్రయోగం నాకు మార్కులు తెచ్చిపెట్టే ప్రశ్న, అంతే. రెండు దారుల్లో వచ్చిన కాంతి కలిస్తే వెలుగూ చీకటీ చారలుగా పడతాయని బట్టీ పట్టి రాశాను. గ్రహాలు పుట్టే చోటుని ఆ చారలతోనే కొలిచారని చాలా ఏళ్ల తర్వాతగానీ తెలీలేదు.

1868లో ఫ్రాన్స్‌లో ఫిజో ఓ ఉపాయం చెప్పాడు. టెలిస్కోపుకి రెండు రంధ్రాల మూత పెట్టి, రంధ్రాల మధ్య ఎడం పెంచుతూ పోవాలి. చారలు ఎక్కడ మాయమవుతాయో ఆ ఎడమే నక్షత్రం ఎంత వెడల్పో చెబుతుంది. మార్సేలో స్తెఫాన్ ప్రయత్నించాడు. 80 సెంటీమీటర్ల అద్దం చాల్లేదు, చారలు పోలేదు. 1920 డిసెంబరులో మౌంట్ విల్సన్ మీద మైకెల్సన్, పీస్ 20 అడుగుల దూలానికి అద్దాలు బిగించి ఆర్ద్రా నక్షత్రాన్ని కొలిచారు. 1974లో నీస్‌లో లబేరీ రెండు విడి టెలిస్కోపుల కాంతిని కలిపాడు.

ఇక ధూళి సంగతి. తిరిగే వాయువు, ధూళి పళ్లెంలోంచి గ్రహాలు పుట్టాయన్న ఊహ కాంట్, లాప్లాస్‌ల నాటిది. దాన్ని దగ్గరగా చూడటమే కష్టం. వృషభ రాశిలోని పసి నక్షత్రాలు దాదాపు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరం అక్కడ ఉంటే, మనకి ఆర్క్‌సెకనులో 140వ వంతుగా కనిపిస్తుంది. ఎనిమిది మీటర్ల అద్దమూ దానికి చాలదు. పదుల మీటర్ల ఎడంలో టెలిస్కోపులుండాలి. నక్షత్రం పక్కన కాగిన ధూళి మెరిసేది పరారుణ కాంతిలో కాబట్టి, పట్టాల్సింది ఆ కాంతినే.

1998లో పాలొమార్‌లో ఎఫ్‌యూ ఓరియోనిస్‌ని కొలిచినప్పుడు ఫలితం పళ్లెం లెక్కకి సరిపోయింది. మరుసటేడు అరిజోనాలోని మౌంట్ హాప్కిన్స్ నుంచి వచ్చిన ఏబీ ఆరిగే కొలత మాత్రం సరిపోలేదు. ధూళి నక్షత్రం దగ్గరిదాకా పరుచుకుని ఉంటుందన్న నమూనాల లెక్క కన్నా, వెలుగుతున్న భాగం బాగా పెద్దది. మధ్యలో ఖాళీ ఉంది!

కారణం 2001 నాటికి స్పష్టమైంది. దాదాపు 1500 డిగ్రీల దగ్గర ధూళి ఆవిరైపోతుంది. మిగిలిన వాయువు పెద్దగా అడ్డుపడదు. అందుకే నక్షత్రపు వెలుగు నేరుగా ధూళి అంచుని తాకుతుంది, ఆ అంచు గోడలా ఉబ్బి మెరుస్తుంది. నక్షత్రం ఎంత ప్రకాశవంతమైతే ఆ వలయం అంత దూరం జరుగుతుంది.

నన్ను ఆపేసింది ఇక్కడే. వచ్చే మొత్తం కాంతిని పాత నమూనాలు చక్కగానే వివరించాయి. అంటే మొత్తం సరిపోయినా బొమ్మ తప్పు కావచ్చు. ఫోటో చూపిస్తేగానీ దేన్నీ నమ్మని తరం మాది. ఇక్కడ ఫోటో లేదు. చారలు ఎంత మసకబారాయో చెప్పే కొన్ని చుక్కలు, గ్రాఫు మీద. ఒక నమ్మకాన్ని కదపడానికి అవే సరిపోయాయి.

2004లో చిలీలోని పరనాల్ నుంచి మరో కబురు వచ్చింది. అలాంటి మూడు నక్షత్రాల దగ్గరి ధూళిలో, దూరపు ధూళిలో కన్నా స్ఫటికాలు ఎక్కువ. వాటిలో ఒలివిన్ ఒకటి. మన కాళ్ల కింద, భూమి లోపలి పొరలో నిండి ఉన్న ఖనిజం కూడా అదే.