రుమాలు వెళ్ళిన దూరం

పండగరోజున మా ముక్త్యాల రేవులో కుర్రకారు వేషాలు చూడాలి! వదులువదులు చొక్కాలు, వాటినిండా అడ్డం నిలువు రంగుల చారలు. ఏమిట్రా యివి అంటే "ఆఫ్రికా డిజైనండీ" అంటారు గొప్పగా. కాదనను. నైజీరియాలో యోరుబావాళ్ళు సన్నటి పట్టీలుగా నేసి, అంచులు కలిపి కుట్టే బట్టని 'అసో-ఓకే' అంటారు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కట్టే బట్ట. కెన్నెత్ ఇజే అనే ఆ దేశపు యువకుడు దానితో కోట్లూ పంట్లాములూ కుట్టించి, 2019లో ఎల్.వి.ఎం.హెచ్. బహుమతి పోటీలో చివరి వరసదాకా వచ్చాడు.

అయితే వాళ్ళ వీధుల్లో మన గళ్ళగుడ్డ ఎన్నడో తిరిగిందని ఈ పిల్లలకి తెలీదు.

చీరాల, వేటపాలెం మగ్గాలమీద గజం చదరపు గళ్ళ రుమాళ్ళు నేసేవారు. 'రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్' అని వ్యాపారప్పేరు. ముక్కు తుడుచుకునేది కాదు సుమా! నైజర్ నది డెల్టాలో కలబరి జాతివాళ్ళు దాన్ని నడుముకి చుట్టుకుంటారు. 'ఇంజిరి' అంటారు. ఇండియా అన్న మాటే అలా మారిందట. పుట్టుక నించి చావుదాకా వాళ్ళ శుభాశుభాల్లో దానికి చోటుంది. అక్కడి ఆడవాళ్ళు అంతటితో వూరుకోలేదు. బ్లేడుతో ఒక్కొక్క పోగే కోసి, లాగేసి, గళ్ళమధ్య కొత్త బొమ్మ పుట్టించారు. దాని పేరు 'పెలెటె బిటె'. పోగులు కోసిన గుడ్డ అన్నమాట. మనవాళ్ళు పోగు వేసి నేశారు, వాళ్ళు పోగు తీసి తమది చేసుకున్నారు. ఒకరి మొహం ఒకరు ఎరగరు.

ముచ్చటేసే కథే. కానీ దీనికి ముందుకథ ఒకటుంది. 17, 18 శతాబ్దాల్లో ఐరోపా కంపెనీలు కోరమాండల్ తీరపు నూలుబట్టల్ని గినీ తీరానికి చేర్చాయి. అక్కడ ఆ బట్టలు యిచ్చి మనుషుల్ని కొన్నారు. తన చేతి గుడ్డకి బదులుగా ఒక తల్లి బిడ్డని ఓడ ఎక్కిస్తున్నారని పాపం ఏ నేతగాడికి తెలుసు?

పేర్లు చూడండి. మద్రాసు రేవు మీదుగా పోయింది గనక మద్రాసు రుమాలు. సెయింట్ జార్జి కోట పేరున ఇబోవాళ్ళ నోట 'జార్జి'. కోటకి దక్కిన పేరు మగ్గానికి దక్కలేదు!

చీరాల మాకు పరాయి వూరేం కాదు. మా పక్క పెనుగంచిప్రోలులో పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1921లో మునిసిపల్ పన్ను కట్టబోమని చీరాల–పేరాల జనాన్ని వూరే వదిలించి, పాకల్లో కాపురం పెట్టించారు. అంత పౌరుషం చూపిన ఆ జిల్లాలోనే 1991లో నూలు ధర మండిపోయి నేతపనివాళ్ళు ఆకలికి చచ్చిపోయారు.

చీరాలలో ఎదిగిన మరో విద్య తేలియా రుమాలు. నూలుని నూనెలోనూ, ఆముదపు కాయల బూడిదనీళ్ళలోనూ నానబెట్టి రంగులద్దుతారు. అరబ్బులు తలకి చుట్టుకున్న గుడ్డ. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, తెలంగాణాలోని పుట్టపాక పేరున. ఏ వూరైతేనేం, కోట పేరు పోయి మగ్గం వున్న వూరి పేరు వచ్చింది. పేరుంటేనే గదా ధర అడిగే నోరుంటుంది!

బట్టలకొట్లో రంగు నిలుస్తుందా అని పదిసార్లు అడుగుతాం. ఏ వూరి నేతండీ, నేసినవాళ్ళకెంత ముట్టిందండీ అని కూడా ఒకసారి అడిగితే నష్టమేముంది?