ఆరు రాశుల నుంచి లక్షల రాశుల దాకా

1801 జనవరి 1 రాత్రి సిసిలీలోని పలెర్మో వేధశాలలో జుసెప్పే పియాజ్జీ ఒక కొత్త ఖగోళ వస్తువును గుర్తించి, సెరెస్ అని పేరు పెట్టాడు. ఫిబ్రవరి 11 దాకా దాన్ని గమనించాడు. ఆ తర్వాత అది సూర్యుడి వెలుగులో మరుగున పడింది. మళ్లీ ఎక్కడ కనిపిస్తుందో చెప్పాలంటే ఆరు రాశులు తెలియాలి: కక్ష్య పరిమాణం, ఉత్కేంద్రత, కక్ష్య ఏ దిశన ఒరిగి ఉందో తెలిపే మూడు కోణాలు, ఒక నిర్ణీత సమయానికి వస్తువు ఉన్న చోటు. 24 ఏళ్ల గణితవేత్త గౌస్ వాటిని లెక్కగట్టాడు. ఆ అంచనాల సాయంతో డిసెంబరు 31న ఖగోళవేత్త ఫాన్ త్సాక్, మర్నాడు మరో ఖగోళవేత్త ఓల్బర్స్ సెరెస్‌ను మళ్లీ పట్టుకున్నారు.

పరిశీలనల నుంచి ఇలాంటి రాశులను రాబట్టేందుకు ఒక పద్ధతి ఉంది. లెక్కకూ పరిశీలనకూ మధ్య తేడాల వర్గాలన్నీ కూడితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువగా ఉండాలనేదే కనిష్ఠ వర్గాల పద్ధతి. దీన్ని మొదట అచ్చువేసింది 1805లో లెజెండ్ర్. అయితే కక్ష్య సూత్రాల్లో తెలియని రాశులు సైన్, కొసైన్‌ల లోపల చిక్కుకుని ఉంటాయి కాబట్టి సమీకరణాలు ఒక్క దెబ్బకు తెగవు. 1809 నాటి గ్రంథంలో గౌస్ దారి చూపాడు: ముందు ఉజ్జాయింపు విలువలు తీసుకోవాలి. ఒక్కో రాశిని కాస్త కదిపితే లెక్క ఎంత మారుతుందో చూడాలి. కావలసిన చిన్న సవరణలనే కొత్త అవ్యక్తాలుగా తీసుకుంటే సమీకరణాలు సరళమవుతాయి. సాధించాలి, సవరించాలి, అవసరమైతే మళ్లీ మొదలెట్టాలి. పల్లాస్ అనే గ్రహశకలం కక్ష్యపై 1810 నాటి లెక్కలో ఆయన ముందు 12 సమీకరణాలున్నాయి. నమ్మకం కుదరని ఒకదాన్ని పక్కనపెట్టి, మిగిలిన 11తో ఆరు సవరణలను ఒక్కొక్కటిగా తేల్చాడు.

రాశులు పెరిగేకొద్దీ ఒకదాని లోపాన్ని మరొకటి కప్పేస్తుంది. అప్పుడు సవరణలు హద్దు మీరి, ఫలితం మెరుగుపడే బదులు చెడుతుంది. 1944లో కెన్నెత్ లెవెన్‌బర్గ్, 1963లో డొనాల్డ్ మార్క్వార్ట్ దీనికి కళ్లెం వేశారు. అడుగు ఫలించకపోతే దాన్ని కుదించి, తేడా అత్యంత వేగంగా తగ్గే దిశకు మళ్లించాలి. ఫలిస్తే కళ్లెం వదులు చేసి గౌస్ దారికి రావాలి.

విమానాల నుంచి తీసిన ఫొటోలతో పటాలు గీసేందుకు 1950ల చివర్లో డ్యూయేన్ బ్రౌన్ కెమెరాల స్థానాలనూ నేల మీది బిందువులనూ కలిపే సాధించాడు. ఒక్కో కెమెరాకు ఆరు రాశులు, ఒక్కో బిందువుకు మూడు. 1,000 ఫొటోలు, 1,00,000 బిందువులుంటే రాశులు 3,06,000. మామూలు పద్ధతిలో రాశులు రెట్టింపైతే శ్రమ ఎనిమిది రెట్లవుతుంది. కానీ ఒక్కో కొలత ఒక కెమెరాకూ ఒక బిందువుకూ, అంటే తొమ్మిది రాశులకే సంబంధించినది. సమీకరణాల గుణకాల పట్టికలో తక్కినవన్నీ సున్నాలే. బిందువులను ముందుగా తొలగిస్తే సాధించాల్సినవి 6,000 మాత్రమే మిగులుతాయి. గూగుల్ వారి సెరెస్ సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి లెక్కలే చేస్తుంది. దాని పేరు ఆ 1801 లెక్కకు గుర్తుగా పెట్టిందే.

ఇన్ని హంగులున్నా ఈ పద్ధతి తొలి అంచనాకు దగ్గర్లోని కనిష్ఠాన్నే చేరుతుంది, అన్నిటికన్నా తక్కువైన దాన్ని చేరుతుందన్న హామీ లేదు. అందుకే పెద్ద లెక్కల్లో తొలి అంచనాను జాగ్రత్తగా సిద్ధం చేసుకోవడం ముఖ్యం, వీలైతే వేర్వేరు చోట్ల నుంచి మొదలెట్టి ఫలితాలను పోల్చి చూడడం మంచిది.