తాళాల గుత్తి వెనుక విద్య: 17వ శతాబ్దపు ఇంగ్లండ్ గ్రామీణ గృహనిర్వాహకురాలు

17వ శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెల్లో కలిగినవారి ఇల్లు నివాసమే కాక చిన్నపాటి కార్ఖానా కూడా. రొట్టె, బీరు, చీజ్, కొవ్వొత్తులు, ఔషధ జలాలు చాలావరకు ఇంట్లోనే తయారయ్యేవి కనుక, యజమానురాలి తరఫున కొట్టుగదుల తాళాలు ఉంచుకుని పనికత్తెల చేత ఈ పనులు చేయించే హౌస్‌కీపర్‌కు, అంటే గృహనిర్వాహకురాలికి, అన్నిటికన్నా పెద్ద బాధ్యత సరుకు చెడకుండా నిల్వ చేయడమే. గెర్వేజ్ మార్కమ్ 1615లో గృహిణుల కోసం ప్రచురించిన గ్రంథం వంటతోపాటు వైద్యం, పాడి, నూలు, బీరు తయారీలను కూడా ఇంటి విద్యలుగానే వివరించింది.

ఆమె దినచర్యను గడియారం కన్నా రుతువులే ఎక్కువగా శాసించేవి. వేసవిలో పాలు సమృద్ధిగా ఉన్నప్పుడు, పాలు తాగే దూడ కడుపు పొర నుంచి తీసిన రెనెట్ అనే పదార్థంతో వాటిని విరిచి, నీరు పిండి, బరువు కింద అదిమి చీజ్ చేసేవారు; ఆ దిమ్మలను తరచూ తిరగేస్తూ, పైన బూజు తుడుస్తూ నెలల తరబడి కాపాడేవారు. నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ నాటికి, చలికాలమంతా మేపలేని పశువులను కోసి మాంసాన్ని ఉప్పులో ఊరవేసేవారు. వాటి కొవ్వును కరిగించి, పైపొర ఒలిచిన తుంగ కాడలను అందులో ముంచితే పేదల ఇళ్లలోనూ వెలిగే చౌక దీపాలు తయారయ్యేవి.

బట్టల ఉతుకు రోజూ జరిగే పని కాదు. వారాలు, ఒక్కోచోట నెలలు పోగైన నారబట్టలను పెద్ద తొట్టిలో పొరలుగా పేర్చి, కట్టెల బూడిద నానబెట్టి తీసిన తేటను పైనుంచి పోసేవారు; అడుగున ఉన్న తూము గుండా కారిన నీటిని మళ్లీ కాచి, మురికి వదిలేదాకా పోస్తూనే ఉండేవారు. ఆపై ఏటి ఒడ్డున చెక్కబల్లలతో బాది, పచ్చికపై ఎండేస్తే బట్ట తెల్లబడేది.

ఇంత భారం మోసినా ఆమె కూడా జీతానికి కుదిరిన మనిషే. 1563 నాటి చట్టం సేవకుల వార్షిక ఒప్పందాలను, వేతనాలను క్రమబద్ధీకరించడమే కాక, 12 నుంచి 40 ఏళ్లలోపు అవివాహిత స్త్రీలను బలవంతంగానైనా పనిలో చేర్చే అధికారాన్ని స్థానిక అధికారులకు ఇచ్చింది. అయితే సేవలో నేర్చిన విద్యకు బయట గిరాకీ ఉందని హన్నా వూలీ నిరూపించింది. యౌవనంలో ఒక కులీన స్త్రీ కొలువులో పనిచేసిన ఆమె, 1661 నుంచి పాకవిధానాలు, ఇంటి మందుల గురించి వరుసగా పుస్తకాలు ప్రచురించడంతో, అంతవరకు నోటిమాటగా, చేతిరాత పుస్తకాల్లో సాగిన ఇంటి గుట్టు అంగడి సరుకయింది.