ఖాన్గీ బడుల సీమలో రాజనీతి విద్య

జహీరాబాదు రెవిన్యూ డివిజనునందలి రాయికోడు వంటి మండల కేంద్రమున పదవ తరగతి చదువు బాలునకు లెక్కలు చెప్పు ప్రైవేటు మాస్టారు కావలెనన్న, ఊరిలో కాకున్నను జహీరాబాదులోనైనను దొరకును. భౌతికశాస్త్రమునకును ఆంగ్లమునకును ఆ లోటు లేదు. రాజనీతిశాస్త్రము చెప్పువారు కావలెనని ఆ బాలుని తండ్రి విచారింపబోయినచో మాత్రము, సోషలుకు ట్యూషనెందుకు, చదువుకొన్న వచ్చును గదా యను సమాధానమే తరచుగా వినవచ్చును. ఉన్నత పాఠశాలలో ఆ శాస్త్రమునకు ప్రత్యేకమైన పేరు లేదు, ప్రత్యేకమైన పరీక్షయు లేదు. భూగోళముతోడను, చరిత్రతోడను, అర్థశాస్త్రముతోడను కలసి సాంఘికశాస్త్రమను నొక్క పుస్తకమునందే అది యొదిగి యుండును. ఆ పుస్తకము చెప్పు ఉపాధ్యాయుడు డిగ్రీలో భూగోళమునో చరిత్రనో అభిమానించి చదివినవాడైనచో, రాజ్యాంగ నిర్మాణమును ఎన్నికల ప్రక్రియను గూర్చిన పాఠములు పరీక్షల ముందర త్వరత్వరగా గడచిపోవుట వింత కాదు. తీరా ఆ బాలుడు ఇంటరులో సి.ఇ.సి. గాని హెచ్.ఇ.సి. గాని తీసికొనినప్పుడు ఆ శాస్త్రమే పౌరశాస్త్రమను పేరున నిండు విషయమై ఎదుట నిలుచును. పునాది లేదని అప్పుడు తెలియును.

బడిలో లభింపని రాజనీతిని బడి వెలుపల వెదకుకొనుట యీ సీమకు క్రొత్త గాదు. నూరేండ్ల క్రిందట ఇచ్చట ఆ విద్యకు వేరు మార్గమే లేకుండెను. ఆ కథ తెలిసిన తండ్రి తన కుమారునకై మాస్టారిని వెదకుటలో సంకోచపడడని నా విశ్వాసము.

జహీరాబాదు తాలూకా 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రములు పునర్వ్యవస్థీకృతములగు వరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అను నాలుగు భాషలును ఒక్క సంతలో వినవచ్చు ప్రాంతము. నిజాము ప్రభుత్వమున ఉన్నత విద్యకు ఉర్దూ భాష మాధ్యమమై, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడుటకు ముందే అనువాదశాఖ యొకటి స్థాపితమై, పాశ్చాత్యుల రాజనీతి గ్రంథములు సయితము ఉర్దూలోనికి పరివర్తితములగుచుండెను. ఒక దేశభాషలో సర్వశాస్త్రములను బోధింపబూనిన ఆ సాహసమును నేను తక్కువగా చెప్పజాలను. హారూన్ ఖాన్ షేర్వానీ వంటి ఆచార్యులు అచ్చట చరిత్రను రాజనీతిని బోధించిరి. అయినను మంజీరా తీరమున తెలుగు తప్ప అన్యమెరుగని రైతుబిడ్డకు ఆ గ్రంథములు అందుటకు ముందు మరియొక భాష అందవలసి యుండెను. ఆ భాష నేర్పు బడియే ఊరూర లేకుండెను.

ఊరిలో నుండినది ఖాన్గీ బడి, అనగా ప్రైవేటు బడి. పంతులుగారు ఏ అరుగుమీదనో చావడిలోనో పిల్లలను కూర్చుండబెట్టి అక్షరములును ఎక్కములును చెప్పగా, తలిదండ్రులు ధాన్యమో దక్షిణయో ఇచ్చి ఆయనను పోషించెడివారు. ఆ పంతులుగారే నాటి ప్రైవేటు మాస్టారు. 1924లో వెలువడిన ఖాన్గీ పాఠశాలల నిబంధనలతో సర్కారు అనుమతి లేనిదే అట్టి బడి నడపరాదయ్యెను. అనుమతి దొరకుట దుర్లభమగుటచే అనేకములు మూతపడెను. పిమ్మట 1929లో గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు వచ్చి, సభ జరుపవలెనన్న ముందుగా ప్రభుత్వముయొక్క అనుజ్ఞ పొందవలెనని శాసించెను. అక్షరములు చెప్పుటకు ఒక అనుమతి, నలుగురు కూడి మాటలాడుటకు మరియొక అనుమతి కావలసిన రాజ్యమున రాజనీతిని బోధించు గురువు ఏ గడపలో కూర్చుండగలడు?

ఆ గడపను గ్రంథాలయము చూపెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞాన చంద్రికా మండలిని హైదరాబాదుననే స్థాపించి, తెలుగువానికి చరిత్రయు శాస్త్రములును తెలుగులోనే అందజేయబూనిరి. ఆ మండలి మొదట ప్రకటించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఆ ఎన్నిక యెంత ఆలోచనతో కూడినదో నేటికిని ఆశ్చర్యము గొలుపును. తన బడి చదువంతయు కలిపినను ఒక సంవత్సరమునకు మించదని స్వయముగా చెప్పుకొన్న మనుష్యుడు, అరువు తెచ్చుకొన్న పుస్తకములు చదివి న్యాయవాదియై, దేశాధ్యక్షుడై, బానిసత్వమును రూపుమాపుటకు పూనిన వృత్తాంతమది. పౌరుడననేమి, ఓటననేమి, రాజ్యాంగమననేమి యని తెలుగు బాలుడడుగు ప్రశ్నలకు ఏ పాఠ్యప్రణాళికయు లేని కాలమున ఒక జీవితచరిత్ర సమాధానమయ్యెను.

1921లో హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభయందు అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభ్యులు కొందరు హేళన చేయుటయు, ఆ పరాభవమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టుటయు చదువరులెరిగినదే. ఆ సంఘము పెరిగి ఆంధ్ర మహాసభయై తన ప్రథమ సమావేశమును జరుపుకొన్నది మన రాయికోడునకు పొరుగుననే. అందోలు ప్రక్కనున్న జోగిపేటలో, 1930 మార్చి నెలలో. గోలకొండ పత్రికా సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. మహిళాసభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలైరి. రాజకీయముల జోలికి పోరాదను షరతుమీద అనుమతి లభించిన సభ యది. అందుచే వక్తలు బడులను గూర్చియు, మాతృభాషలో విద్యను గూర్చియు, గ్రంథాలయములను గూర్చియు, సంఘసంస్కరణమును గూర్చియు ప్రసంగించిరి. అయినను అధ్యక్షుని ఎన్నుకొనుట, తీర్మానము ప్రతిపాదించుట, మరియొకరు దానిని బలపరచుట, విరుద్ధాభిప్రాయమును ఓపికతో వినుట, చేతులెత్తి సమ్మతి తెలుపుట అను క్రియలన్నియు అచ్చట కన్నులార చూచిన పల్లెవాడు తన యెరుకలేకయే ప్రాతినిధ్య ప్రభుత్వపు తొలి పాఠము నేర్చుకొనెను. రాజకీయ శబ్దమును నిషేధింపవచ్చును గాని సభామర్యాదను నిషేధించు ఉపాయము ఆ ప్రభుత్వమునకు తోచలేదు.

ప్రైవేటు గురువును వెదకుకొనిన వారిలో నా మనస్సునకు మిక్కిలి దగ్గరివాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ సీమలో బీదకుటుంబమున పుట్టిన ఆ బాలునకు జీతమిచ్చి చదువుకొను శక్తి లేదు. ఒక ఉపాధ్యాయుని యింట వంట చేసిపెట్టుచు, ఆయనయొద్దనే అక్షరజ్ఞానమును పెంచుకొనెను; పిమ్మట హోటలులో పనిచేసెను, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాను ప్రకటించిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. కె.సి. గుప్తగారి అణా గ్రంథమాలయు ఆ దినములలోనిదే, అణాకొక పుస్తకము. వంటపని గురుదక్షిణగా చదువుకొన్నవాడు, తుదకు వేలమందికి గురువై, ఇంటిముంగిటికే రాజనీతిని తెచ్చి యిచ్చెను. ట్యూషను ఫీజు ఎంతయని నేడు బేరమాడునప్పుడు ఆ వంటయిల్లు మనకు జ్ఞప్తికి రావలెను.

అదే 1938లో వందేమాతర గీతము పాడిరని ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులై, నాగపురము చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున చదువు సాగించిరి. తరువాతి కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు వారిలో నొకరు. మూడు దశాబ్దములకు, 1968లో, తెలుగు అకాడమి ఏర్పడి ఇంటరు మొదలు పై తరగతులకు తెలుగులో పాఠ్యగ్రంథములు రచింపించుటకు పూనుకొనగా, దాని ప్రథమాధ్యక్షులు ఆయనయే యైరి. పౌరశాస్త్రమును తెలుగున చదువుటకు మంచి పుస్తకము అప్పుడు గాని చేతికి రాలేదు. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చిన పిమ్మట, పొలముపని విడువలేనివారు సయితము ఇంటనుండి డిగ్రీ చదువగలిగిరి.

కావున నేడు రాయికోడున పుస్తకము కొఱత గాదు, అనుమతి కొఱత గాదు. దగ్గర కూర్చుండి చెప్పువాని కొఱత. ఆ లోటు తీర్చువారు ఈ ప్రాంతముననే ఉన్నారని నా యభిప్రాయము. గ్రూప్ పరీక్షలకు సిద్ధమగుచు ఊరిలోనో జహీరాబాదు గదిలోనో ఉదయమునుండి పాలిటీ పుస్తకములు చదువు పట్టభద్రులు ఎందరో గలరు. ప్రవేశికనుండి పంచాయతీల అధ్యాయమువరకు వారికి కంఠస్థము. వారానికి రెండు సాయంకాలములు ఒక బాలునకు చెప్పిన వారికిని విషయము గట్టిపడును, చేతిఖర్చునకు నాలుగు రూపాయలును లభించును. విశ్రాంత సోషలు ఉపాధ్యాయులు మరియొక తరగతివారు. వారికి ఓపిక అధికము. వీరిలో నెవరిని కుదుర్చుకొనిన మంచిదని యడిగినచో, గైడునుండి బిట్లు వల్లెవేయించువానిని విడిచి, బాలుని గ్రామసభకు తీసికొనిపోవువానిని కోరుకొనుడని చెప్పుదును. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము 2018 ప్రకారము గ్రామసభ రెండు నెలలకొక పర్యాయమైనను జరుగవలెను. అచ్చట లెక్కలు చదువుచుండగా వినిన పిల్లవాడు బడ్జెటు అను పాఠమును మరల వల్లించవలసిన పని యుండదు.

మొదటి దినమున ఆ మాస్టారు పుస్తకము తెరువకయే ఆరంభింపవచ్చును. రాయికోడు సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ జిల్లా 2016 అక్టోబరు 11న మెదకునుండి విడివడినది. శాసనసభకు ఆ ఊరివారు ఓటు వేయునది అందోలు నియోజకవర్గమున. అది షెడ్యూల్డు కులములకు రిజర్వు చేయబడినది. లోక్‌సభకు జహీరాబాదు, 2009 ఎన్నికలలో మొదటిసారి ఓట్లు పడిన ఆ నియోజకవర్గమున కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కలు సయితము చేరియున్నవి. జిల్లా హద్దులొక విధముగాను, ఓటు హద్దులు మరియొక విధముగాను ఏల యున్నవని పిల్లవాడు తప్పక అడుగును. జిల్లాను రాష్ట్ర ప్రభుత్వము గీయుననియు, నియోజకవర్గమును డీలిమిటేషన్ కమిషను జనసంఖ్య ననుసరించి గీయుననియు, రిజర్వేషనునకు రాజ్యాంగపు 330, 332 అధికరణములు మూలమనియు చెప్పి, పటమొకటి ముందుంచి, సొంత ఊరిని వాని చేతనే గుర్తింపజేసినచో, ఆ గంట చాలును. రెండవ దినమునకు వాడే ముందుగా వచ్చి కూర్చుండును.