అగ్గిచప్పి నొప్పికి మూర్ఛమందు ఎందుకు?

అగ్గిచప్పి (సర్పి) పొక్కులు మాడిపోయి చర్మం బాగుపడిన పిదప కూడా కొందరిలో నిప్పు పెట్టినట్లు మంట, పోట్లు నెలల తరబడి ఉండిపోతాయి. చొక్కా తగిలినా ఓర్వలేని బాధ అది. వైద్యుడు వ్రాసిన మందును గురించి చదివి, 'ఇది కుంగుబాటుకు, అది మూర్ఛకు, నాకెందుకు?' అని మానివేసేవారున్నారు. మీరు ఆ పని చేసే ముందు ఈ మందుల చరిత్ర తెలుసుకోండి.

ఈ వ్యాధిలో వెన్నుపాము ప్రక్కనుండే జ్ఞాననాడుల కణసముదాయాలు దెబ్బతింటాయని 1900లో హెన్రీ హెడ్, కాంప్‌బెల్ మరణించిన రోగుల నాడులను పరీక్షించి వెల్లడించారు. చర్మం మానినా నాడి మానకపోవడమే ఈ నొప్పికి మూలం. సాధారణ నొప్పి మాత్రలు దీనికి చాలకపోవడానికి కారణం అదే.

ఎమిట్రిప్టిలిన్‌ 1961లో అమెరికాలో కుంగుబాటుకు ఆమోదం పొందింది. 1982లో కెనడాలో వాట్సన్ బృందం దానిని 24 మంది రోగులలో ఉత్తుత్తి మందుతో పోల్చి చూడగా, 16 మందికి చక్కని ఉపశమనం కలిగింది. కుంగుబాటుకు వాడేదానికంటె తక్కువ మోతాదుతోనే నొప్పి తగ్గింది. చాలామందిలో మనఃస్థితి మాత్రం మారలేదు. అంటే అది మనసును మభ్యపెట్టలేదు, నొప్పి సంకేతాలనే అణచింది.

గాబాపెంటిన్‌ను గాబా అనే మెదడు రసాయనాన్ని పోలునట్లు నిర్మించారు. 1993లో మూర్ఛకు ఆమోదం లభించింది. అది గాబా గ్రాహకాలపై కాక, నాడీకణాల కాల్సియం ద్వారాలపై పనిచేస్తుందని తరువాత తేలింది. 1998లో 229 మందిపై జరిగిన పరిశోధన ఈ నొప్పికి దాని ప్రయోజనాన్ని చూపగా, 2002లో ఆమోదం వచ్చింది. 2004లో ప్రీగాబలిన్ తోడయింది. అంతకుముందే 1999లో లైడొకెయిన్ పట్టీ, ఆ తరువాత 2009లో మన మిరపకాయల కారమైన కేప్సైసిన్ పట్టీ ఆమోదం పొందాయి.

వీటిలో ఏదీ అందరికీ నొప్పిని పూర్తిగా తీసివేయదు. ఫలితానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నీటికాసులు, మూత్రం బిగింపు, గుండెజబ్బు ఉన్నవారు ఎమిట్రిప్టిలిన్ విషయంలోను, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు గాబాపెంటిన్ మోతాదు విషయంలోను వైద్యునికి ముందే చెప్పాలి. మగత, తూలు కలుగవచ్చు గనుక వృద్ధులు పడిపోకుండా జాగ్రత్తపడాలి. మందు హఠాత్తుగా ఆపకండి, వైద్యుని సలహాతో క్రమేణా తగ్గించుకోండి.

మందు పేరు ఏ జబ్బుతో ముడిపడి ఉన్నా, మీ నొప్పి నిజం. మందు పట్టీపై ముద్రించిన పేరు పాతది, దాని ఉపయోగం కొత్తది.