యంత్రబోధకునికి తెలిసినదేమిటి?

కంప్యూటరు చేత పాఠం చెప్పించాలంటే జ్ఞానాన్ని అందులో ఏ రూపంలో నిలపాలి? హైమే కార్బొనెల్ 1970లో ప్రకటించిన స్కాలర్‌లో దక్షిణ అమెరికా భూగోళం అర్థసంబంధాల వలగా ఉండేది. దేశం, రాజధాని, నది వంటి భావనలను కలిపే ముడుల వెంట యంత్రం ప్రశ్నలు వేసేది, జవాబులిచ్చేది. 1979 నాటి గైడన్‌లో విలియం క్లాన్సీ, మైసిన్ అనే వైద్యవ్యవస్థలోని 'ఇట్లయితే ఇది' తరహా సూత్రాలను బోధనకు వాడారు. రోగనిర్ణయానికి చాలిన సూత్రాలు బోధనకు చాలలేదు. వాటి వెనుకనున్న కారణాలు సూత్రాలలో లేవు.

ఈ రెండింటిలోనూ ప్రధానమైనది నిపుణుని జ్ఞానమే. బ్రౌన్, బర్టన్‌లు 1978లో వివరించిన బగ్గీ విద్యార్థి వైపు తిరిగింది. 42లో నుంచి 17 తీసివేస్తే 35 అన్న పిల్లవాడు తోచినట్లు రాయలేదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్నదాన్ని తీశాడు. తప్పుకూ ఒక వ్యాకరణం ఉంది.

భాషాబోధనకు ఈ దృష్టి విలువైనదే గాని, ఒక భేదం మరువరాదు. తీసివేతకు సమాధానం ఒక్కటే. భాషకు అట్లా కాదు. హోసూరు తెలుగు బాలుని ఇంటి మాటను పాఠ్యపుస్తక భాషకు వికృతిగా నమోదు చేస్తే, ఒక మాండలికం తప్పుల పట్టిక అవుతుంది. ముందు దాని వ్యాకరణం రాయాలి. యంత్రం సంగతి ఆ తరువాత.