పెట్టెలో పెట్టినా దిగని సెల్లు

డిజిటల్ కెమెరాలు ఇంటింటికీ వస్తున్న రోజుల్లో పెన్సిల్ సెల్లు తయారుచేసేవాళ్ల మధ్య ఒకటే పందెం: డబ్బా మీద సామర్థ్యం చెప్పే ఎంఏహెచ్ అంకె ఎవరిది పెద్దదని. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు అలా ఎగబాకి 2,500, ఆపైన 2,700 దాకా పోయాయి. కానీ అది ఛార్జర్‌లోంచి తీసిన వెంటనే కొలిచిన అంకె. వాడకుండా ఉంచితే గది వేడిమిలోనే నెలకి 20–30 శాతం దానంతటదే దిగిపోయేది. గోడ గడియారానికీ టీవీ రిమోట్‌కీ ఇవి పనికిరావన్న పేరు ఊరికే రాలేదు.

ఈ నష్టం వోల్ట్‌మీటర్‌కి దొరకదు. దాదాపు ఖాళీ అయ్యేదాకా ఈ సెల్లు 1.2 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. అందుకే పరీక్షకి ఓపిక కావాలి. ముందు 1 వోల్టు దాకా ఖాళీ చేస్తారు. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో 16 గంటలు ఛార్జింగ్ ఎక్కిస్తారు. 20 డిగ్రీల దగ్గర 28 రోజులు పక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత ఐదో వంతు కరెంటుతో మళ్లీ 1 వోల్టు దాకా దించుతూ ఎంత వచ్చిందో లెక్కకడతారు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) ప్రమాణం ప్రకారం 60 శాతం వస్తే పాసు. ఇంత ఉదారంగా మార్కులు వేస్తే ఫెయిలయ్యేది ఎవరు? పైగా కొలవడమంటే ఖాళీ చెయ్యడమే కాబట్టి నెలకో సెల్లు, ఆర్నెల్లకో సెల్లు, ఏడాదికో సెల్లు విడివిడిగా దాచాలి. తొందరుంటే వేడి పెట్టెలో ఉంచి అంచనా వెయ్యొచ్చు గానీ, వేడికి లోపల జరిగేదంతా మామూలు గదిలోనూ అదే వాటాలో జరగదు. ఏడాది సంగతి తేలాలంటే ఏడాది ఆగాల్సిందే.

మరి ఛార్జింగ్ ఎటు పోతోంది? 1990లలో జపాన్ పరిశోధకులు పట్టుకున్న దొంగల్లో ఒకటి నత్రజని. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అప్పట్లో వాడిన నైలాన్ జాతి పొర క్షార ద్రావణంలో మెల్లగా పాడై నత్రజని సమ్మేళనాలను వదిలేది. అవి రేవు పడవలా ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తిరుగుతూ, ట్రిప్పుకింత చొప్పున ఛార్జింగ్ కాజేసేవి. సల్ఫోనేట్ చేసిన పాలీప్రొపిలీన్ పొర పెడితే వాటి ఆట చాలావరకు కట్టింది. రెండో దొంగ హైడ్రోజన్‌ని పట్టి ఉంచే మిశ్రలోహంలోనే ఉంది. అందులోని కోబాల్ట్, మాంగనీస్ కరిగి, పొర మీద పేరుకుని, కరెంటుకి దొంగదారి వేసేవి.

సాన్యో కంపెనీ మెగ్నీషియం కలిపిన కొత్త మిశ్రలోహంతో ఈ రెండో దారిని మూసింది. 2005 నవంబరులో ‘ఎనెలూప్’ పేరుతో సెల్లు విడుదల చేసింది. దాని అంకె 2,000 ఎంఏహెచ్ మాత్రమే. అదే కంపెనీ పక్కనే 2,700 కూడా అమ్మేది! నా దృష్టిలో అసలు ధైర్యం ఆ చిన్న అంకెదే. ఏడాది తర్వాత 85 శాతం మిగులుతుందన్న మాట మీద నమ్మకంతో, ఫ్యాక్టరీలోనే ఛార్జింగ్ ఎక్కించి, కొన్నవెంటనే వాడుకోండని అమ్మారు. తరవాతి తరాలు మూడేళ్లకి 75, అయిదేళ్లకి 70 శాతమన్నాయి. ఈలోగా సాన్యో పానసోనిక్ చేతికి పోయింది.

ఈ హామీలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో రామగుండంలో బీరువాలో పెట్టిన సెల్లు అంత నిలవదు. ఇంట్లో చల్లగా ఉండే మూల చూసి దాచుకోవాలి.